ఉనికిని చూసే తీరు, దాని పట్ల బాధ్యత: పర్యావరణ తత్త్వచింతనలో ఏది ముందు?

నేలతడి:

పర్యావరణ తత్త్వశాస్త్రంతో కాస్త పరిచయం ఉన్నవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నను ఇక్కడ చర్చకు పెడుతున్నాను. లోకంలో ఏమేమి ఉన్నాయి, అవి వేటికవి విడిగా ఉన్నాయా, పరస్పర సంబంధాల వల్లనే ఉన్నాయా అని విచారించేది సత్తాశాస్త్రం, అంటే ఆంటాలజీ. మనం ఎవరి పట్ల బాధ్యులం, ఏది చేయాలి, ఏది చేయకూడదు అని విచారించేది నీతిశాస్త్రం. అడవి, నది, జీవజాతి వంటి వాటి విషయంలో మన నడవడి మారాలంటే ముందుగా మారవలసింది ఏది? వాటి ఉనికిని మనం అర్థం చేసుకునే తీరా, లేక మనం పాటించే నియమాలా?

నార్వే తత్త్వవేత్త ఆర్నె నేస్ ఈ విషయంలో స్పష్టంగా మొదటి పక్షాన నిలిచారు. పైపై పర్యావరణవాదానికీ లోతైన పర్యావరణవాదానికీ తేడా చూపుతూ 1973లో రాసిన వ్యాసంలోనే ఆయన, జీవులు పరిసరాల మధ్య విడిగా నిలిచిన వస్తువులన్న చిత్రాన్ని తోసిపుచ్చి, ప్రతి జీవీ సంబంధాల వలలో ఒక ముడి అని ప్రతిపాదించారు. తర్వాతి కాలంలో నైతిక సూత్రాల కంటే లోకం మన అనుభవంలోకి వచ్చే తీరు మీదే తనకు ఆసక్తి అని కూడా చెప్పారు. ఆయన వర్ణించిన ఒక సంఘటన ఈ వైఖరిని దగ్గరగా చూపిస్తుంది. సూక్ష్మదర్శినిలో రెండు రసాయనాల చుక్కలు కలవడాన్ని ఆయన గమనిస్తుండగా, లెమ్మింగ్ అనే చిన్న జంతువు మీద నుంచి ఒక పురుగు ఎగిరి సరిగ్గా ఆ ఆమ్లపు చుక్కల్లో పడింది. దానిని కాపాడే వీలు లేదు. అది చావడానికి చాలా నిమిషాలు పట్టింది, దాని ప్రతి కదలికా యాతనను చెప్పింది. ఆయనకు కలిగింది జాలే అయినా, ఆ జాలికి కూడా మూలంగా ఆయన గుర్తించినది తాదాత్మ్యాన్ని, ఆ పురుగులో తనను తాను చూసుకోవడాన్ని.

నేస్ వాదనలో ముఖ్యమైన మెట్టు ఇక్కడే ఉంది. 'నేను' అన్నది ఒంటి చర్మం దగ్గర ఆగిపోకుండా విస్తరిస్తే, అడవిని కాపాడడం త్యాగంగానో విధిగానో కనిపించదు, తనను తాను కాపాడుకున్నంత సహజంగా జరుగుతుంది. విధి కోసం మనసును అణచుకుని చేసే పనిని నైతిక కర్మ అనీ, మనసు మొగ్గి చేసే సత్కార్యాన్ని సుందర కర్మ అనీ జర్మన్ తత్త్వవేత్త కాంట్ విడదీశాడు. పర్యావరణ రంగంలో మనకు కావలసింది రెండవదేనని నేస్ అంటారు. నా మొగ్గు ఇటువైపే. సరిగా చూడగలిగిన వాడికి 'ఎందుకు కాపాడాలి' అన్న ప్రశ్నే పుట్టదని నేను నమ్ముతున్నాను. దీనిలోని బలహీనతలు ఎక్కడున్నాయో సభ్యులు పరీక్షించాలని కోరుతున్నాను.

తర్కప్రియ:

నేలతడి గారూ, ప్రశ్నను చక్కగా పెట్టారు. కానీ మీ చివరి వాక్యంతో నేను ఏకీభవించలేను.

ఉన్నదానిని గురించిన వాక్యాల నుంచి చేయవలసినదానిని గురించిన వాక్యానికి రచయితలు చడీచప్పుడు లేకుండా దూకుతారని స్కాట్లాండ్ తత్త్వవేత్త హ్యూమ్ 1740లో ఎత్తిచూపాడు. ఆ హెచ్చరికను అందరూ ప్రస్తావిస్తారు కాబట్టి దానిని పొడిగించను. అంతకంటే బలమైన సాక్ష్యం నేస్ ఆశ్రయించిన తత్త్వవేత్త దగ్గరే ఉంది. లోతైన పర్యావరణవాదానికి తాత్త్విక ఆధారం కోసం నేస్ ఎక్కువగా స్పినోజా వైపు చూశారు. ఉన్నది ఒకే ద్రవ్యం, ప్రకృతి అన్నా దైవం అన్నా అదే, ప్రతి వస్తువూ తన ఉనికిని నిలుపుకోవడానికి యత్నిస్తుంది: ఇంతకంటే సమగ్రమైన అద్వయ దర్శనం పాశ్చాత్య చింతనలో దొరకడం కష్టం. మనిషి ప్రకృతిలో ఒక భాగమే తప్ప సామ్రాజ్యంలోని మరో సామ్రాజ్యం కాదని స్పినోజా గట్టిగా చెప్పాడు. అదే స్పినోజా, అదే 'ఎథిక్స్' గ్రంథంలో, జంతువులను చంపరాదన్న నియమం మూఢవిశ్వాసం మీద ఆధారపడిందనీ, వాటి స్వభావం మనతో కుదరదు కనుక వాటిని మన ప్రయోజనానికి ఇష్టానుసారం వాడుకోవచ్చనీ రాశాడు. జంతువులకు అనుభూతి ఉందని ఒప్పుకుంటూనే రాశాడు.

దర్శనం ఒక్కటే, దాని నుంచి స్పినోజా తీసిన నీతి ఒకటి, నేస్ తీసిన నీతి మరొకటి. అంటే ఆ రెండింటి మధ్య ఇంకేదో పని చేస్తున్నది. నేస్ పురుగు యాతనను చూసినప్పుడు ఆయనలో కదిలినది సత్తాశాస్త్ర సిద్ధాంతం కాదని నా అభిప్రాయం.

ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. సమస్తమూ ఒకే వలలోని ముడులైతే, నదిని విషపూరితం చేసే కర్మాగారం కూడా ఒక ముడే. ఏకత్వం నుంచి ప్రాధాన్యాలు పుట్టవు. దేనిని ఆపాలి, దేనిని నిలపాలి అన్నది తేల్చడానికి ఆ ఏకత్వానికి బయట నుంచి ఒక విలువను తెచ్చుకోవలసి వస్తుంది.

అరణ్యమిత్ర:

తర్కప్రియ గారు చూపిన స్పినోజా ఉదాహరణ బలమైనదే. అయితే 'ఉన్నది'కీ 'చేయాలి' అన్నదానికీ మధ్య హ్యూమ్ చూపిన అగాధం దాటరానిదిగా కనిపించడానికి కారణం, అంతకుముందే మనం లోకం నుంచి విలువను తీసివేసి పక్కన పెట్టడమే. కొలతలకు లొంగే పదార్థం ఒక్కటే వాస్తవం, మిగిలినదంతా చూసేవాడి మనసులోనిది అని ముందే నిర్ణయించుకుంటే, ఆ పదార్థం నుంచి 'చేయాలి' అన్నది పుట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. అదీ ఒక సత్తాశాస్త్రమే, కాకపోతే పదిహేడవ శతాబ్దం నుంచి మనకు అలవాటైపోయి కంటికి కనిపించకుండా ఉన్నది.

జర్మనీలో పుట్టిన తత్త్వవేత్త హాన్స్ యోనాస్ 1979లో ఇచ్చిన ఉదాహరణను గుర్తు చేస్తాను. అప్పుడే పుట్టిన శిశువు ఊపిరి తీసుకుంటున్నది. ఆ ఊపిరే, ఎవరూ ఏమీ వాదించకుండా, తనను ఆదుకోమని చుట్టూ ఉన్నవారిని ఆదేశిస్తున్నది. ఆ ఆదేశాన్ని ఎవరైనా పెడచెవిన పెట్టవచ్చు, కానీ అది వినిపించలేదని ఎవరూ అనలేరు. శిశువు అన్నది ముందు ఒక వాస్తవం, తర్వాత దాని మీద మనం అంటించిన విలువ, అని రెండు పొరలుగా విడదీస్తే మిగిలేది శిశువు కాదు, కణాల సముదాయం మాత్రమే. యోనాస్ ఈ వాదాన్ని జీవం మొత్తానికి విస్తరించారు. ప్రాణి అంటేనే తన ఉనికి తనకు పట్టింపుగా ఉన్న వస్తువు. రాయికి తాను ఉండడం లేకపోవడం ఒకటే. జీవక్రియ ఆగితే అంతమయ్యే జీవికి అలా కాదు. జీవక్రియ అనే వర్ణనలోనే మేలు, కీడు అన్న భేదం ఇమిడి ఉంది.

కాబట్టి 'ఉన్నది' నుంచి 'చేయాలి' అన్నదానికి దూకుతున్నామా అని అడిగే ముందు, ఏ రకమైన 'ఉన్నది' గురించి మాట్లాడుతున్నామో చూడాలి.

జీవశాస్త్రి:

నేను వృత్తిరీత్యా జీవావరణ శాస్త్రం చదివినవాడిని. తత్త్వశాస్త్రంలో అభిరుచి మాత్రమే ఉంది. నా ఆందోళన కొంచెం వేరు. నీతిని సత్తాశాస్త్రానికి గట్టిగా ముడివేస్తే, ఆ సత్తాశాస్త్రాన్ని విజ్ఞానశాస్త్రం సవరించిన ప్రతిసారీ నీతి కూడా కదిలిపోతుంది. ఇది ఊహాజనితమైన ప్రమాదం కాదు, ఇప్పటికే జరిగింది.

1916లో అమెరికా వృక్ష శాస్త్రవేత్త ఫ్రెడరిక్ క్లెమెంట్స్ ఒక ప్రాంతపు వృక్ష సముదాయాన్ని పుట్టి, పెరిగి, పరిపక్వ దశకు చేరే ఒక జీవిగా వర్ణించాడు. 1926లో హెన్రీ గ్లీసన్ దానిని ఖండిస్తూ, ప్రతి మొక్కజాతీ తన అవసరాల మేరకు తానే వ్యాపిస్తుందనీ, సముదాయం అన్నది ఆ వ్యాప్తులు ఒక చోట కలవడం వల్ల మనకు కనిపించే రూపమేననీ వాదించాడు. 1935లో ఆర్థర్ టాన్స్లీ, క్లెమెంట్స్ ధోరణిని విమర్శిస్తూనే, మట్టినీ వాతావరణాన్నీ కలుపుకుని 'ఎకోసిస్టమ్' అనే భావనను ఇచ్చాడు. జీవసముదాయపు సమగ్రతనూ స్థిరత్వాన్నీ సౌందర్యాన్నీ నిలిపేది మంచి పని, వాటిని చెరిపేది చెడ్డ పని అన్న అమెరికా పర్యావరణ చింతకుడు ఆల్డో లియోపోల్డ్ సూత్రం ఆయన మరణానంతరం 1949లో వెలువడింది. ఆ తర్వాతి దశాబ్దాలలో జీవావరణ శాస్త్రం స్థిరత్వం అన్న మాటనే అనుమానించసాగింది: మంటలు, వరదలు, తుపానులు అడవికి బయట నుంచి వచ్చిపడే ఆటంకాలు కావు, అడవి బతికే తీరులో అవీ భాగమే. లియోపోల్డ్ సూత్రానికి ప్రధాన వ్యాఖ్యాత అయిన బెయర్డ్ కాలికాట్ ఆ సూత్రాన్ని తిరగరాయవలసి వచ్చింది; ప్రకృతిలో మామూలుగా జరిగే స్థల, కాల పరిమాణాలకు లోబడి మాత్రమే జీవసముదాయాన్ని కదిలించడం మంచిది అన్న మేరకు దానిని సవరించారు.

మరొక చిక్కు, దేనిని 'ఒకటి' అని లెక్కించాలి అన్నది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో పాండో అని పిలిచే ఆస్పెన్ చెట్ల వనం ఉంది. దాదాపు 43 హెక్టార్లలో సుమారు 47,000 కాండాలు నిలబడి ఉంటాయి. మధ్యలో నడిచే మనిషికి అది అడవి. తెల్లని బెరడు, దాని మీద నల్లని మచ్చలు, ఒక్కొక్క చెట్టుకూ ఒక్కొక్క వంపు, ఒకటి ఎండిపోతూ పక్కది చిగురిస్తూ ఉంటుంది. కానీ జన్యుపరంగా అదంతా ఒకే మొక్క. భూమి లోపల పాకిన వేరు నుంచే ఆ కాండాలన్నీ పుట్టుకొచ్చాయి. అక్కడ ఒక కాండాన్ని నరికితే నేను ఒక ప్రాణిని చంపినట్టా, ఒక ప్రాణికి గాయం చేసినట్టా? ప్రతి జీవీ తన మేలును తాను వెతుక్కునే కేంద్రం, కాబట్టి గౌరవానికి అర్హం అని 1986లో పాల్ టేలర్ చేసిన వాదన నాకు ఎంతో నచ్చినా, పాండో ముందు నిలబడితే ఆ కేంద్రం ఎక్కడుందో చూపలేను.

ఇన్ని సందిగ్ధాలున్న పునాది మీద బాధ్యతను నిలబెట్టడం క్షేమమేనా?

నేలతడి:

జీవశాస్త్రి గారూ, మీరు చెప్పినదానినే ఆధారం చేసుకుని ఒక మాట అడుగుతాను. స్థిరత్వం అన్నది సరైన వర్ణన కాదని తెలిసిన తర్వాత అడవి మంటలను ప్రతిసారీ ఆర్పివేయాలన్న విధానం కూడా తప్పుగా కనిపించింది కదా? అంటే వర్ణన మారినప్పుడు బాధ్యత స్వరూపం మారడం మేలే చేసింది. నీతి కదలకుండా ఉండాలని మనం ఎందుకు కోరుకోవాలి?

తీరరేఖ:

ఇప్పటివరకు సాగిన చర్చలో రెండు పక్షాలూ ఒక విషయాన్ని ప్రశ్నించకుండా అంగీకరించాయి. ప్రకృతిని మనతో ఒకటిగా చూడడమే పర్యావరణ దృష్టికి తగిన సత్తాశాస్త్రమనీ, దాని నుంచి నీతి పుడుతుందా లేదా అన్నదే మిగిలిన ప్రశ్న అనీ అనుకుంటున్నాం. ఆస్ట్రేలియా తత్త్వవేత్త వాల్ ప్లమ్‌వుడ్ 1993లో ఈ మొదటి మెట్టునే ప్రశ్నించారు.

ఆమె విశ్లేషణ ప్రకారం మనిషి, ప్రకృతి అన్న విభజనలో హాని చేసేది భేదం కాదు. ఒక వైపును కేంద్రంగా నిలిపి, రెండో వైపును దాని లోటుగా, దాని పనిముట్టుగా, మౌనంగా వెనక ఉండే నేపథ్యంగా మార్చడం హాని చేస్తుంది. యజమాని మీద సేవకుడు ఎంత ఆధారపడతాడో అందరికీ కనిపిస్తుంది, సేవకుడి మీద యజమాని ఎంత ఆధారపడతాడో మాత్రం లెక్కలోకి రాదు. దీనికి విరుగుడుగా భేదాన్నే చెరిపేసి 'నేనే అడవిని' అనడం ప్లమ్‌వుడ్‌కు సమ్మతం కాలేదు. నా 'నేను' ఎంత విస్తరించినా అది నా 'నేనే'. అడవికి ఏది మేలు అన్నది నాకు ఏది మేలు అన్నదానిలో కరిగిపోతుంది. అవతలివారి అవసరం నా అవసరం కంటే వేరుగా ఉండగలదన్న గుర్తింపు లేనిచోట బాధ్యత అన్న మాటకు అర్థమే ఉండదు. నేలతడి గారు చెప్పిన పురుగు విషయంలో కూడా నాకు కనిపించేది ఇదే. ఆ యాతన ఆ పురుగుది, నేస్‌ది కాదు. అందువల్లనే ఆ చావు ఘోరమైంది.

ప్లమ్‌వుడ్ ఈ మాటలను గ్రంథాలయంలో కూర్చుని మాత్రమే రాయలేదు. 1985లో కకాడు జాతీయ ఉద్యానంలో ఒంటరిగా చిన్న పడవలో వెళ్తున్న ఆమెను ఉప్పునీటి మొసలి పట్టుకుని పదేపదే నీటిలోకి ఈడ్చి తిప్పింది. తీవ్ర గాయాలతో ఆమె బయటపడ్డారు. తాను మాంసాన్ని కూడా, మరొక ప్రాణికి ఆహారాన్ని కూడా అన్న సంగతిని ఆ క్షణం వరకు తన దేహం నమ్మలేదని ఆమె తర్వాత వివరించారు. మనిషి ఆహారపు గొలుసుకు పైన, బయట ఉన్నాడన్న భ్రమ తొలగడం సత్తాశాస్త్రపు పాఠమే. అయితే ఆ పాఠం ఆమెకు మొసలిలో తనను తాను చూసుకోవడం వల్ల రాలేదు. తన దృష్టికి ఏమాత్రం లొంగని మరొక దృష్టి ముందు తాను నిలబడడం వల్ల వచ్చింది.

తర్కప్రియ:

తీరరేఖ గారు చెప్పినది నా వాదాన్ని ఒక అడుగు ముందుకు తీసుకువెళ్తున్నది. అవతలివారి వేరుతనమే బాధ్యతకు ఆధారమైతే, నీతి సత్తాశాస్త్రానికి తర్వాత రావడం మాట అటుంచి, ముందే రావాలి. ఫ్రెంచ్ తత్త్వవేత్త లెవినాస్ సరిగ్గా ఆ మాటే అన్నాడు: నీతే మొదటి తత్త్వశాస్త్రం, ఎదుటి ముఖం నన్ను పిలిచిన తర్వాతే అది ఏమిటన్న విచారణ మొదలవుతుంది.

పర్యావరణ రంగంలో దీనికి దగ్గరగా జిమ్ చీనీ, ఆంథనీ వెస్టన్ 1999లో ఒక ప్రతిపాదన చేశారు. ముందు లోకాన్ని తెలుసుకుని ఆ తర్వాత దానితో ఎలా నడుచుకోవాలో నిర్ణయిస్తామన్న మామూలు క్రమాన్ని వారు తలకిందులు చేశారు. మనం మర్యాదగా ఎదురుపడితేనే అవతలివారు తమ శక్తులను బయటపెడతారు; అందువల్ల ఆదరం ముందు, జ్ఞానం తర్వాత. దీనికి నాకు తోచిన ఉదాహరణ బోనులోని జంతువు. ఏ పనీ ఏ తోడూ లేని బోనులో పెంచిన జంతువు గంటల తరబడి అటూ ఇటూ ఒకే దారిలో తిరుగుతుంది, తల ఊపుతుంది. అది చూసి దీనికి లోపల ఏమీ లేదని తీర్మానిస్తే, మన దుర్వ్యవహారమే ఆ తీర్మానానికి సాక్ష్యాన్ని తయారు చేసి ఇచ్చిందన్నమాట.

అరణ్యమిత్ర:

తర్కప్రియ గారూ, లెవినాస్‌నే తీసుకుందాం. జంతువుకు ముఖం ఉందా అని 1986లో ఒక సంభాషణలో అడిగినప్పుడు ఆయన తడబడ్డారు. కుక్కకు ముఖం పూర్తిగా లేదనలేమన్నారు. పాముకు ముఖం ఉందో లేదో తాను చెప్పలేనన్నారు. నీతినే మొదట నిలిపిన తత్త్వవేత్త కూడా, ఆ నీతి ఎవరికి వర్తిస్తుందో చెప్పవలసి వచ్చేసరికి, పాము ఎటువంటి ఉనికి అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. సత్తాశాస్త్రాన్ని ముందు గుమ్మంలో నుంచి పంపించినా అది వెనక గుమ్మంలో నుంచి లోపలికి వచ్చింది.

అందువల్ల నేను ఇలా అంటాను. సత్తాశాస్త్రం నీతిని పుట్టించకపోవచ్చు. స్పినోజా విషయంలో మీరు చెప్పినది అంతవరకు నిజం. కానీ ఎవరు మన ముందుకు రాగలరు, ఎవరి పిలుపు అసలు పిలుపుగా వినిపించగలదు అన్నదానిని అది నిర్ణయిస్తుంది. నేపథ్యంగా మాత్రమే ఉన్నదాని పట్ల ఎవరూ క్రూరంగా ప్రవర్తించలేరు, ఎందుకంటే అక్కడ ఎవరూ ఉన్నట్టే లెక్క కాదు. అక్కడ జరిగిన హానికి హాని అన్న పేరు కూడా రాదు.

న్యాయపథం:

చట్టం చదివినవాడిగా ఇక్కడ ఒక అనుభవాన్ని జోడించాలనిపించింది. ఈ చర్చ న్యాయస్థానాలలోనూ శాసనసభలలోనూ నిజంగానే జరుగుతున్నది.

1972లో అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు క్రిస్టఫర్ స్టోన్ చెట్లకు, నదులకు న్యాయపరమైన హక్కులు ఇవ్వవచ్చని వాదించినప్పుడు ఆయన ఏ సత్తాశాస్త్రాన్నీ కోరలేదు. కంపెనీలకు, ఓడలకు చట్టం వ్యక్తిత్వాన్ని ఇస్తున్నది కదా, నదికి ఇవ్వడానికి అడ్డేమిటి అన్నారు. అంటే వ్యక్తిత్వం అన్నది చట్టం చేతిలోని ఏర్పాటు. ఈ దారిలో ఎంత దూరం వెళ్లగలమో 2017 చూపించింది. ఆ మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమున నదులను చట్టపరమైన వ్యక్తులుగా ప్రకటించి, ప్రభుత్వాధికారులను సంరక్షకులుగా నియమించింది. వరదలో నష్టపోయినవారు నది మీద దావా వేస్తే ఎవరు చెల్లించాలి, నది అనేక రాష్ట్రాల గుండా పారుతుంటే ఒక రాష్ట్రపు అధికారులు దాని తరఫున ఎలా నిలబడగలరు అన్న అభ్యంతరాలతో రాష్ట్ర ప్రభుత్వమే పై కోర్టుకు వెళ్లింది. జూలైలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

అదే 2017 మార్చిలో న్యూజిలాండ్ పార్లమెంటు వాంగనూయి నదికి సంబంధించిన చట్టాన్ని ఆమోదించింది. అక్కడి మావోరీ ప్రజలు ఆ నది మీద తమ హక్కు కోసం పంతొమ్మిదవ శతాబ్దం నుంచి పోరాడుతూ వచ్చారు. నేనే నది, నదే నేను అన్నది వారి నానుడి. చట్టం ఆ నదిని కొండల నుంచి సముద్రం వరకు, దాని భౌతిక, అధిభౌతిక అంశాలన్నిటితో కలిపి, విభజించరాని సజీవమైన సమగ్ర రూపంగా గుర్తించింది. ఒక ఆధునిక శాసనం అధిభౌతిక అంశాలను పేర్కొనడం ఎంత అసాధారణమో ఆలోచించండి. ఆ తర్వాతే వ్యక్తిత్వాన్ని ప్రకటించి, నది తరఫున మాట్లాడే బాధ్యతను ఇద్దరికి అప్పగించింది: ఒకరు మావోరీల తరఫున, మరొకరు ప్రభుత్వం తరఫున ఎంపికైనవారు.

ఈ రెండింటిలో ఒకటి నిలిచి మరొకటి ఆగిపోవడానికి పాలనాపరమైన కారణాలు చాలా ఉన్నాయి, వాటిని నేను తక్కువ చేయను. అయినా ఒక తేడా నాకు ముఖ్యంగా కనిపిస్తున్నది. వాంగనూయి విషయంలో నది ఎటువంటి ఉనికి అన్నది తరతరాల ఆచరణలో ముందే ఉంది, చట్టం దానిని గుర్తించింది. గంగ, యమునల విషయంలో కూడా ఆ నదుల పట్ల కోట్లమందికి భక్తి ఉంది, న్యాయస్థానం దానిని పేర్కొన్నది కూడా. అయితే ఆ భక్తిని సంరక్షకుల రోజువారీ బాధ్యతగా మార్చే ఏర్పాటు ఎవరూ ముందుగా కూర్చుని చర్చించి రూపొందించినది కాదు. నేలతడి గారి ప్రశ్నకు నా జవాబు ఇది: సరైన దర్శనం ఉండడం ఒక్కటే చాలదు, దానిని మోసే ఆచరణ కూడా ఉండాలి.

జీవశాస్త్రి:

నేలతడి గారూ, మంటల గురించి మీరు చెప్పినది సరైనదే, వర్ణన మారడం అక్కడ మేలు చేసింది. నీతి కదలకూడదని నేను అనడం లేదు. కదిలినప్పుడు ఎవరు మూల్యం చెల్లిస్తారో చూడాలంటున్నాను. కాలిఫోర్నియా తీరానికి దూరంగా ఉన్న సాన్ క్లెమెంటె ద్వీపాన్ని తీసుకోండి. మనుషులు తెచ్చి వదిలిన మేకలు అక్కడ వేల సంఖ్యకు పెరిగి, ప్రపంచంలో మరెక్కడా లేని మొక్కజాతులను వేరుతో సహా మేసివేశాయి. ఆ మొక్కలను కాపాడడానికి మేకలను కాల్చివేయడం మొదలైంది.

ఇక్కడ సత్తాశాస్త్రం పుస్తకాలకు పరిమితమైన వివాదం కాదు. జీవజాతి అన్నది పోలికగల జీవుల జాబితా కాదనీ, కాలంలో పుట్టి కాలంలో గతించే ఒక నిజమైన వస్తువనీ 1970లలో మైకేల్ గిసెలిన్, డేవిడ్ హల్ వాదించారు. అది నిజమైతే జాతి అంతరించడం అన్నది చివరి మొక్క చావు కంటే పెద్ద సంఘటన. పర్యావరణ తత్త్వవేత్త హోమ్స్ రోల్‌స్టన్ మొక్కల పక్షం వహించడానికి ఆ దృష్టే ఆధారం. అలా కాకుండా, తన బతుకు తనకు తెలిసే ప్రాణికి మాత్రమే హక్కు ఉంటుందని జంతు హక్కుల తత్త్వవేత్త టామ్ రీగన్‌లా అంటే, అరుదైన మొక్క కోసం మేకను చంపడం సమర్థించలేనిది. జాతి అనే వస్తువు ఉందా లేదా అన్న జవాబును బట్టి తుపాకీ పేలుతుంది, లేదా పేలదు.

తీరరేఖ:

జీవశాస్త్రి గారూ, ఆ ద్వీపంలో జరిగినది మీరు చెప్పిన దగ్గర ఆగలేదు. జంతు సంరక్షణ సంస్థ ఒకటి న్యాయస్థానానికి వెళ్లిన తర్వాత, హెలికాప్టర్ల సాయంతో వలలు విసిరి ఎన్నో మేకలను ప్రాణాలతో పట్టుకుని ప్రధాన భూభాగానికి తరలించారు. అన్నిటినీ కాపాడలేకపోయారు. ద్వీపం నుంచి మేకలు పూర్తిగా తొలగిన తర్వాత ఆ మొక్కలలో కొన్ని కోలుకున్నాయి.

జాతి నిజమైనదని నేనూ ఒప్పుకుంటాను, మేకలను అక్కడ నుంచి తీసివేయవలసిందేనని కూడా ఒప్పుకుంటాను. కానీ జాతికి ఉనికి ఉందని ఒప్పుకున్నంత మాత్రాన మేక ఉనికి తగ్గిపోదు. ఆ మేకలను అక్కడికి తెచ్చినది మనమే, మొక్కలు నాశనమైనది మన వల్లనే, కాబట్టి మనం రెండింటికీ బాకీపడి ఉన్నాం. తుపాకీతో తేలికగా ముగిసే పనికి అంత ఖర్చు, అంత శ్రమ ఎందుకు పెట్టాలని వాదించినవారికి మేకలు తొలగించవలసిన కారణంగా మాత్రమే కనిపించాయి. వల విసిరినవారికి అవి మేకలుగా కూడా కనిపించాయి. ఎన్ని మేకలను బతికించడానికి ఎంత ఆలస్యాన్ని మొక్కలు తట్టుకోగలవు అన్నది ఆ తర్వాత వృక్షశాస్త్రజ్ఞులను అడగవలసిన ప్రశ్న, జీవశాస్త్రి గారు దాని గురించి రాస్తే చదవాలని ఉంది.